మొదటి వోటు వేసిన పిమ్మట

2024 వ సంవత్సరము మే నెల 13 వ తేదీన మేము మొట్టమొదటిసారి వోటు వేసితిమి. ఆ దినమున ఆంధ్రప్రదేశమునందలి పల్లెలన్నియు తిరునాళ్లవలె నుండెను. హైదరాబాదు, బెంగుళూరు పట్టణములలో పనులు చేసికొనువారు రాత్రికి రాత్రి బస్సులెక్కి స్వగ్రామములు చేరిరి. కొన్ని చోట్ల ప్రొద్దు గ్రుంకి చాల సేపైనను వరుసలు తరుగలేదు. నూటికి 80 మందికి పైగా వోటు వేసిరి. జూన్ 4 వ తేదీన ఫలితములు వెలువడెను. గెలిచినవారు పూలదండలు వేసికొనిరి. ఓడినవారు కారణములు వెదకికొనిరి. మేము దుక్కులకు పోయితిమి. పోయితిమే గాని, మా పని ఇంతటితో ముగిసినదా యను ప్రశ్న మాత్రము నాగలి వెంట వచ్చుచునే యుండెను. దానిని గూర్చి కర్షక సోదరులకు నాలుగు మాటలు విన్నవింప గోరుచున్నాము. పిన్నవారి మాటలని పెద్దలు త్రోసివేయకుందురు గాక.

వోటు మనకు ఊరక వచ్చినది కాదు. 1935 వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టము క్రింద ఆస్తియో, పన్నో, చదువో గలవారికే వోటుండెను. పాలికాపునకు, కూలివానికి అది అందని మ్రాని పండు. 1950 లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 21 ఏండ్లు నిండిన స్త్రీ పురుషుల కందరకు వోటు నిచ్చినది. 61 వ సవరణచే 1989 లో ఆ వయస్సు 18 ఏండ్లకు తగ్గినది. ఆ యేటనే జరిగిన లోకసభ యెన్నికలలో, బెల్లపు వర్తకమునకు పేరుపడ్డ అనకాపల్లి స్థానమున జయాపజయములను నిర్ణయించినవి 9 వోట్లు మాత్రమే. రెండిండ్లవారు కోతపని యున్నదని వోటు మానుకొనిన ఫలితము తారుమారై యుండెడిది. 2024 లో అరుణాచల ప్రదేశమునందలి మాలోగాము అను కొండపల్లెలో ఒకే యొక వోటరు కొరకు ఉద్యోగులు యంత్రమును మోసికొని కొండలెక్కి పోయిరి. ఒక్క వోటుతో ఏమగునని పెదవి విరుచువారికి ఇంతకు మించిన సమాధానము అక్కరలేదు.

అయినను మా మొదటి వోటునకు ఒక మచ్చ అంటినది. దానిని దాచుట మా కిష్టము లేదు. పోలింగునకు ముందటి రాత్రి మా యింటికి ఒక కవరు వచ్చినది. ఇంట వోట్లెన్నియో లెక్కించి, తలకింతయని సొమ్ము అందుంచిరి. ఆ లెక్కలో క్రొత్తగా చేరిన మా వోటును కలదు. “ఊరందరును తీసికొనుచున్నారు, మన మొక్కరము కాదన్న విరోధము” అని నాయనగారు పుచ్చుకొనిరి. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు చట్టరీత్యా నేరమని యెరిగియు మేము అడ్డుచెప్పలేదు. వోటు మాత్రము మాకు తోచినవారికే వేసితిమి. అద్దము వెనుక చీటీ 7 సెకనులు కనబడి పెట్టెలో పడినది. అంతవరకు మా మనస్సు నిర్మలము. కాని ఆ సొమ్ముతో కొన్న యూరియా మా చేనిలోనే పడినది. రేపు కాలువకు నీరు రాకున్న, గెలిచినవారి యెదుట నిలిచి అడుగుటకు మాకు నోరు వచ్చునా? “నీ సొమ్ము నీకు ముట్టినది గదా” యన్న నేమందుము? సంతలో ఎద్దునమ్మి పైకము మూటగట్టుకొనినవాడు, మరునాడు ఆ యెద్దుపై నాకు హక్కున్నదని పోవుట లేదు గదా.

ఈ చింతతో నుండగా మా గ్రామ పరపతి సంఘపు మహాజనసభ వచ్చినది. సభ్యులు మూడు వందలకు పైబడి యుందురు. వచ్చినవారు ఇరువదిమంది. కార్యదర్శి జమా ఖర్చులు చదివిరి. పట్టుమని పది నిమిషములు పట్టలేదు. ఎరువు అదనుకు ఎందులకు రాలేదో, మొండి బాకీ లెవరివో, లాభము ఏ నిధికి చేరినదో అడిగినవారు లేరు. చేతులెత్తుడనిరి, ఎత్తిరి. సభ్యత్వము నాయనగారిది గావున మేము గుమ్మము కడ నిలిచి చూచితిమి. ఢిల్లీలోని 543 మంది సభ్యుల గుణదోషములను టీ దుకాణము కడ గంటలకొలది తర్కించిన ఊరు, తన వాకిటిలోని లెక్కను ఒక్కమాట అడుగలేకపోయినది. అడుగుట అలవాటు లేనిచోట అమ్ముట అలవాటగునని మాకు నాడు తోచినది.

సహకారోద్యమ చరిత్రమును ఒకమారు జ్ఞప్తికి దెచ్చుకొందము. 1844 లో ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున 28 మంది నేతపనివారును ఇతర శ్రామికులును కూడి ఒక సరకుల అంగడి పెట్టిరి. ఆనాడు ఆ దేశపు శ్రామికులలో అధిక సంఖ్యాకులకు పార్లమెంటు వోటు లేదు. పట్టణములందలి శ్రామికులలో అనేకులకు అది 1867 లో గాని రాలేదు. దొరలు ఈయని వోటును వారు తమ అంగడిలో తామే కల్పించుకొనిరి. వాటా లెన్నియున్నను సభ్యునకు వోటొక్కటే. మన సంఘములును ఆ సూత్రముపైననే నిలిచి యున్నవి. వారికి ఒక వోటు లేక రెండవదానిని సంపాదించుకొనిరి. మనకు రెండును చేతనుండగా ఒకదానిని అమ్ముకొని, రెండవదానిని అటక మీద పెట్టితిమి.

సంఘములోనికి రాజకీయములు తేరాదని పెద్దలందురు. కక్షలు తేరాదనుట మాకును సమ్మతమే. కాని లెక్క లడుగుట కక్ష కాదు. మన పరపతి సంఘములు గడువునకు యెన్నికలు జరుగక, ప్రభుత్వము నియమించినవారి చేతిలో ఏండ్ల తరబడి నడిచిన సంగతి సభ్యు లెరిగినదే. లోకసభ యెన్నికలు ఒక్క యేడు ఆగినచో దేశమంతయు గగ్గోలు పెట్టును. మన సంఘపు యెన్నికలు ఆగినప్పుడు మన గ్రామములలో ఎందరు నోరెత్తిరి?

కావున మా విన్నపములు మూడు. మొదటిది, మహాజనసభకు వారము ముందుగా జమా ఖర్చుల పట్టీని సంఘపు గోడకు అంటించి, సభలో ప్రశ్నలకు ఒక గంట కేటాయింపవలెను. రెండవది, 18 ఏండ్లు నిండి సేద్యము చేయు యువకులను, యువతులను నిబంధనలకు లోబడి సభ్యులుగా చేర్చుకొనవలెను. పట్టా తండ్రి పేరనో భర్త పేరనో యున్నంత మాత్రమున, నాట్లు వేయు చేతులు సభకు వెలియై యుండరాదు. 2024 లో దేశమున 31 కోట్లకు పైగా స్త్రీలు వోటు వేసిరి. మన సభలో ఎందరు స్త్రీలు కూర్చుండిరో ప్రతి సభ్యుడును ఎంచి చూచుకొనవలెను. మూడవది, యెన్నికల గడువు తీరినవెంటనే సభ తీర్మానించి యెన్నికలు కోరవలెను.

ఇక మా వంతు మేము చేయుదుము. మరల కవరు వచ్చిన నాడు పుచ్చుకొనవలదని నాయనగారితో చెప్పితిమి. ఆయన చాల సేపు మాటాడక, “అప్పుడు చూతములే” యనిరి. వచ్చు మహాజనసభకు మమ్ము సభ్యునిగా చేర్చుటకు దరఖాస్తుపై మాత్రము సంతకము చేసిరి. సభలో మేమడుగు మొదటి ప్రశ్న ఎరువును గూర్చియే. సోదరు లెల్లరును వచ్చి, మా ప్రశ్న తప్పైన దిద్దుదురు గాక, ఒప్పైన తోడుపడుదురు గాక.