బిడ్డల దొంగల వదంతి

2018వ సంవత్సరపు వేసవిలో వాట్సాపున నొక హెచ్చరిక తెలుగుపల్లెలను చుట్టివచ్చెను: బిడ్డల నెత్తుకొనిపోవు ముఠాలు దిగినవట! దేశమున సాక్ష్యముగా తిరిగిన దృశ్యములలో నొకటి కరాచీలో బిడ్డల భద్రతకై తీసిన ప్రచారచిత్రము. బిడ్డను తిరిగి యప్పగించు కడపటి ఘట్టమును కోసివేసి పంపిరి. జూలై 1వ తేదీన మహారాష్ట్రమున ధూళే జిల్లా రాయిన్‌పాడాలో ఐదుగురు సంచారజాతివారిని జనులు కొట్టి చంపిరి.

పామరుల మూఢత్వమని చేతులు దులుపుకొందుమా? చదువుకొన్నవారు పంపలేదా? పంపినవాడు మేనమామ. నమ్మిన పోవునదేమి, నమ్మకున్న బిడ్డ పోవునేమో యని తల్లి జంకును. పొరుగూరివాని ప్రాణము ఆ లెక్కలో చేరదు.

జోగులాంబ గద్వాల జిల్లాలో నాటి పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి గారి పని మాకు నచ్చినది. వారు పల్లెలకు పోలీసులను పంపి, డప్పులతో, పాటలతో ఆ వదంతిని కల్లయని చాటించిరి.