చల్లగాలికి రాయల్టీ

ఎండాకాలం ఎస్.ఆర్. నగర్ గల్లీల్లో నడిస్తే వేడిగాలి మొహానికి కొడుతుంది. హాస్టళ్ల గోడల నిండా ఏసీ అవుట్‌డోర్ యూనిట్లే. లోపల కోచింగ్ పిల్లలకు చల్లదనం, బయట మనకు సెగ. ఏసీ మెకానిక్ వస్తే ముందు అడిగేది ‘ఏ గ్యాస్ సార్, 22నా, 32నా?’ అని. ఆ అంకెల వెనక ఓజోన్ ఉంది, భూమి వేడెక్కడం ఉంది, పేటెంట్లూ ఉన్నాయి. మూడోదాని ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఓజోన్ పొరను తినేసే సీఎఫ్‌సీ గ్యాసులు మానెయ్యాలని 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం జరిగింది. 1992లో మనమూ చేరాం. ఫ్రిజ్‌లకూ కార్ల ఏసీలకూ ప్రత్యామ్నాయం 134ఏ అనే గ్యాస్. అదేమీ రహస్య పదార్థం కాదు. దాన్ని గిట్టుబాటుగా తయారుచేసే పద్ధతే కొద్ది కంపెనీల గుప్పిట్లో ఉండేది. మన కంపెనీ ఒకటి ఆ టెక్నాలజీ అడిగితే 2.5 కోట్ల డాలర్లు చెప్పారు. అంత ఇవ్వలేకపోతే మెజారిటీ వాటా మాకివ్వండి, లేదా ఎగుమతులు తగ్గించుకోండి అన్నారు. కొనేవాడికి గడువుందని తెలిసిన అమ్మకందారు బేరానికి ఎందుకు దిగుతాడు?

తొంభైల్లోనే మన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు 134ఏ తయారీకి సొంత పద్ధతి కనిపెట్టి, అమెరికాలో పేటెంటు కూడా తెచ్చుకున్నారు. గర్వపడాల్సిందే. కానీ లోకంలో అప్పటికే ఉన్న విద్యను మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి రావడం ఏం న్యాయం? పైగా ఆ 134ఏ కూడా నిలవలేదు. బొగ్గుపులుసు వాయువు కంటే 1,430 రెట్లు వేడిని పట్టి ఉంచేది కాబట్టి, దాన్నీ తగ్గించాలని 2016లో కిగాలీలో తీర్మానించారు. మనకు 2028లో పరిమితి, 2032 నుంచి కోత. కార్లలో దాని స్థానంలోకి వచ్చిన 1234వైఎఫ్ చుట్టూ హనీవెల్, డూపాంట్ పేటెంట్లు పేర్చుకున్నాయి. ఆ రెండు కంపెనీల పొత్తు మీద యూరోపియన్ కమిషన్ 2011లో విచారణ మొదలుపెట్టి 2014లో అభియోగాలు పంపింది. ధనిక యూరప్‌కే అనుమానం వచ్చిందంటే మన సంగతి చెప్పాలా!

మన చట్టంలో మందు లేదా అంటే, ఉంది. పంజగుట్ట దాటి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లోకి వెళ్తే నాట్కో ఫార్మా కనిపిస్తుంది. నెలకు 2.8 లక్షలయ్యే బేయర్ క్యాన్సర్ మందును 8,800కే అమ్మడానికి 2012 మార్చిలో ఆ కంపెనీకి, పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ప్రభుత్వం ఇచ్చే తప్పనిసరి లైసెన్స్ దక్కింది. బేయర్‌కు అప్పట్లో 6 శాతం రాయల్టీ. పేటెంట్ చట్టం 84వ సెక్షన్ కింద దేశంలో ఇచ్చిన లైసెన్స్ అదొక్కటే. కాలుష్యం తగ్గించే టెక్నాలజీలకూ ఈ దారి వాడొచ్చని 2011 జాతీయ తయారీ విధానంలో ప్రభుత్వమే రాసుకుంది. రాసుకుని ఊరుకుంది. మందుకు రోగి ఉంటాడు, ఆస్పత్రి బిల్లు ఉంటుంది, కోర్టుకెళ్లే కుటుంబం ఉంటుంది. ఆకాశం తరఫున ఎవరు సంతకం పెడతారు?

పేటెంట్లే పాపాల భైరవులు అనడం నా ఉద్దేశం కాదు. 32 గ్యాస్ వాడే ఏసీలకు సంబంధించిన 93 పేటెంట్లను డైకిన్ కంపెనీ 2011లో వర్ధమాన దేశాలకు, 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. ఆ గ్యాస్ నలుగురూ వాడితేనే తన సరుకుకు గిరాకీ. స్వార్థమే, కానీ మన మేలు కలిసిన స్వార్థం. మన శ్రీసిటీలో ఆ కంపెనీ ఫ్యాక్టరీ కూడా నడుస్తోంది. అయితే పేటెంట్ కాగితం చేతికొస్తే పనితనం రాదు. తార్నాక వాళ్లు ఏళ్ల తరబడి కూర్చుంది ఆ పనితనం కోసమే.

84వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టాలంటే పేటెంట్ మంజూరై మూడేళ్లు దాటాలి. తర్వాత విచారణ, అప్పీళ్లు. కిగాలీ కోత 2032లో మొదలవుతుంది కాబట్టి, రాబోయే గ్యాసుల్లో దేనికి ఎవరి పేటెంటుందో, ధరెంతో పర్యావరణ శాఖ ఇప్పుడే లెక్క తీసి బయట పెట్టాలి. బేరం కుదరని చోట దరఖాస్తు పెట్టే కంపెనీకి ప్రభుత్వం వెనక నిలబడాలి.