పాలగిన్నెలో మన వాటా

మా ఇంట్లో పనికొచ్చే అమ్మాయి మొన్న అంట్లు తోముతూ తోముతూ ఆగి, చెంగుతో మూతి అద్దుకుంది. చూస్తే సెలవులు రెండువైపులా పగిలి, తెల్లగా పాసిపోయి ఉన్నాయి. ఏమైందంటే "వేడి చేసిందక్కా. కూర నోట్ల పెడితె మండుతున్నది. ఉత్త చారుబువ్వే తింటున్న" అంది. రెండేళ్ళ కిందట నేనూ ఈ మాటే అందరికీ చెప్పుకుని తిరిగాను.

అప్పుడు నేను వెన్న రాశాను, నెయ్యి రాశాను, మందుల షాపతను ఇచ్చిన ఆయింట్‌మెంటూ రాశాను. తగ్గినట్టే తగ్గి, పది రోజులకు మళ్ళీ మొదలు. నాలుక నున్నగా, ఎర్రగా తయారైంది. చివరికి ఓ డాక్టరమ్మ దగ్గరికి వెళితే నోరు చూసి, "రోజుకు పాలెన్ని?" అని అడిగింది. "లీటరున్నరండీ" అన్నాను కాస్త గర్వంగానే. "ఇంటికి కాదమ్మా, మీకు?" అంది. జవాబు చెప్పలేకపోయాను. పొద్దున టీలోకి రెండు చెంచాలు, రాత్రి అందరి అన్నాలూ అయ్యాక గిన్నె కడిగిన నీళ్ళలాంటి మజ్జిగ. అంతే నా వాటా.

ఆవిడ చెప్పిన పేరు రైబోఫ్లేవిన్. బి2 విటమిన్ అంటే మీకు తెలిసే ఉంటుంది. బి కాంప్లెక్సు మాత్ర వేసుకున్న రోజు మూత్రం చిక్కటి పసుపుగా వస్తే కంగారు పడతాం చూడండి, ఆ పసుపు దీనిదే. శరీరం కావలసినంత ఉంచుకుని మిగిలింది బయటికి పంపేస్తుంది. పెద్దగా దాచుకోదు కాబట్టి రోజూ అందాల్సిందే. పెరుగు మీద తేరిన నీళ్ళలో కనబడీ కనబడని ఆకుపచ్చ ఛాయ కూడా ఇదే. బ్లిత్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త 1879లోనే పాల తేటలో ఈ రంగును పట్టుకున్నాడు. అది విటమినని తేలడానికి మాత్రం 1930ల దాకా ఆగాల్సి వచ్చింది. మనమేమో పెరుగు గట్టిగా ఉండాలని ఆ తేటను సింకులో వంపేస్తాం!

తిన్న అన్నం, పప్పు, నూనె ఒంట్లో శక్తిగా మారడానికి ఇది కావాలి. బి6, ఫోలిక్ ఆమ్లం పని చేసే రూపానికి రావడానికి కావాలి. ఒంట్లో నిలవున్న ఇనుము రక్తంలోకి రావడానికీ దీని సాయం ఉండాలి. నెలల తరబడి ఇనుము మాత్రలు మింగినా రక్తం పట్టడం లేదని వాపోయే వాళ్ళలో కొందరికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఈ సంగతి తేల్చడంలో మన ఊరి పాత్ర చిన్నది కాదు. 1918లో కూనూర్‌లో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉంది. అక్కడ పనిచేసిన డాక్టర్ మెహతాబ్ బామ్‌జీ ఎర్ర రక్తకణాల్లోని ఒక ఎంజైమును కొలిచి రైబోఫ్లేవిన్ లోపాన్ని కనిపెట్టవచ్చని 1969లో చూపించారు. పెదాలు బాగానే ఉన్నా రక్తంలో లోపం ఉండవచ్చని ఇలాంటి పరీక్షలతోనే తెలిసింది. తర్వాతి కాలంలో ఆవిడ మెదక్ ప్రాంతపు పల్లెల్లో పెరటి కూరగాయలు, పెరటికోళ్ళ పెంపకం మీద పనిచేశారు. ప్రయోగశాలలో కొలిచిన మనిషి పెరట్లోకి కూడా వెళ్ళడం నాకు నచ్చిన విషయం.

అయితే సెలవులు పగిలిన ప్రతిసారీ ఇదే కారణం అనుకోకండి. బి6, ఇనుము తక్కువైనా, ఫంగస్ వచ్చినా అలాగే ఉంటుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇంటికొచ్చి నేను లెక్క వేశాను. ఆ సంస్థ 2020లో చెప్పిన ప్రకారం కూర్చుని పని చేసుకునే ఆడవాళ్ళకే రోజుకు 1.9 మిల్లీగ్రాములు కావాలి. ఒళ్ళొంచి పనిచేసే వాళ్ళకు ఇంకా ఎక్కువ. వంద గ్రాముల తెల్ల బియ్యంలో ఉండేది 0.05 దగ్గర. రాగులు, సజ్జలు దానికి మూడు రెట్లయినా ఇస్తాయి. గ్లాసుడు పాలలో సుమారు 0.3, గుడ్డులో 0.2. ఆకుకూరలు మేలు, మేక కాలేయం తినేవాళ్ళకు బెంగే లేదు. నా రోజంతా కూడితే ముప్పాతిక మిల్లీగ్రాము దాటలేదు. డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, పిల్లల మార్కులు దశాంశాలతో లెక్కపెడతాను. నా కంచం లెక్క మాత్రం నలభైకి దగ్గరపడ్డాక వేసుకున్నాను.

వేడికి ఇది అంతగా పోదు, కాబట్టి పాలు కాచడానికి భయం లేదు. వెలుతురే దీని శత్రువు. గాజు సీసాలో పాలు ఎండలో పెడితే రెండు గంటల్లో సగం దాకా పోతుంది. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎండలో పడి ఉండే పాల ప్యాకెట్లను చూస్తే ఇప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంటుంది. శనగలు త్వరగా ఉడకాలని వంటసోడా వేసినా, ఆకుకూర తరిగాక కడిగినా, గంజి వార్చి పారబోసినా నష్టమే.

మా నార్సింగి పక్కనే కోకాపేటలో 2023 వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ నేల మీద లేచిన ఇళ్ళల్లో అంట్లు తోమే అమ్మాయికి సెలవులు పగిలి ఉన్నాయి. 2015 నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పేరిట గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో భోజనంతోపాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టే ఏర్పాటు వచ్చింది. అక్కడే కూర్చుని తినాలన్నది నియమం. ఇంటికి పంపితే ఆ పాలు ఎవరి నోట్లోకి వెళతాయో ఆ నియమం పెట్టినవాళ్ళకు బాగా తెలుసు. కానీ చంటిబిడ్డ ఉన్నన్నాళ్ళేనా మన నోటికి విలువ? 2024 మార్చి నాటికి రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఆ మూడింట్లో రైబోఫ్లేవిన్‌కు చోటు దొరకలేదు. ఆ పట్టిక మళ్ళీ ఎప్పుడు తిరగరాసినా దీన్ని చేర్చమని మనం గట్టిగా అడగాలి.

ఇప్పుడు పాలు కాగగానే ముందు నా గ్లాసు పక్కన పెట్టుకుంటున్నాను. మొదటి రోజు మా అత్తగారు వింతగా చూశారు, మూడో రోజుకు తన గ్లాసూ తెచ్చి పెట్టారు. మొన్న ఆ అమ్మాయికీ గ్లాసుడు పాలు, ఉడికించిన గుడ్డు ఇచ్చాను. గ్లాసు పట్టుకుని కాసేపు నిలబడి, "ఇంటికి తీస్కపోనా అక్కా, పిల్లకిస్త" అంది.

"పిల్లకు వేరే పోసి ఉంచాను. ఇది నువ్విక్కడే తాగు" అన్నాను.