శాతం తెలుపని సంగతి

ధమని 40 శాతమే పూడిందని విని మందులు మానివేసినవారిని నేనెరుగుదును. ఆ నిశ్చింత సమంజసం కాదు. రక్తంలోని కొలెస్టరాల్ ఒక్కటే కారణమైతే ధమనులన్నీ సమంగా పూడాలి కదా! కంఠధమని చీలే చోట, వంపుల లోపలి అంచున, ప్రవాహం మందగించి సుడి తిరిగే తావులలోనే కొవ్వు అధికంగా పేరుకొంటుంది, కాలువ మలుపులో ఒండ్రు మేటవేసినట్లు. (పోలిక కొంతవరకే, ధమని గోడ సజీవం, ప్రవాహపు ఒరిపిడిని గ్రహించి స్పందిస్తుంది.) లండనులో కారో బృందం 1969లో ఈ సంగతిని వెల్లడించింది. ఇరుకులో రక్తం వడిగా దూసుకుపోతూ ఆ కొవ్వుమేటను ఒరుస్తుంది. పైపొర పలుచనైతే చిట్లుతుంది; అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. పెక్కు గుండెపోట్లు సగమైనా పూడని చోటనే పుడుతున్నాయి. శాతం ఇరుకును కొలుస్తుందే గాని పొర బలాన్ని కొలవదు. రక్తపుపోటు ఉన్నవారు 40 శాతమని మందు మానరాదు. పొగ మాత్రం మానాలి.