పతకాల వెనుక పిల్లలు

తలకు తగిలే తన్నుకు మూడు పాయింట్లు, పొట్టకు తగిలే తన్నుకు రెండు, గుద్దుకు ఒకటి. కరాటే పోరు కుమితేలో లెక్క ఇంత స్పష్టం. ఆ ఆటనే నమ్ముకున్న పిల్లల భవిష్యత్తు మాత్రం స్పష్టంగా లేదు.

ఒలింపిక్స్‌లో కరాటే కనిపించింది ఒక్కసారే, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో. పారిస్‌లో తీసేశారు, 2028 లాస్ ఏంజెలెస్‌లోనూ లేదు. 1994 హిరోషిమా నుంచి ఆసియా క్రీడల్లో ఉంది కాబట్టి ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు పిల్లలు అందుకోవాల్సిన పెద్ద మెట్టు అదే.

అక్కడికి దారి చూపాల్సిన సంఘాలే తగవుల్లో పడ్డాయి. 2020లో ప్రపంచ కరాటే సమాఖ్య భారత కరాటే సంఘం గుర్తింపును తాత్కాలికంగా రద్దు చేసింది. దెబ్బ తగిలింది ఆటగాళ్లకే!

హైదరాబాద్‌కు చెందిన సయ్యదా ఫలక్ అంతర్జాతీయ పోటీల్లో దేశం తరఫున ఆడి, 2020లో మజ్లిస్ పార్టీలో చేరి రాజకీయాల్లోకి వెళ్లారు. అందరికీ అలాంటి మరో దారి దొరకదు. కొల్లేరు లంక గ్రామాల్లో చేపల చెరువు మీద బతికే ఇంటికి పోటీ ఫీజు, రైలు ఖర్చు, బస ఖర్చు చిన్నవి కావు.

అందుకే ఏ పోటీ సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాకు చెల్లుతుందో, ఏది చెల్లదో క్రీడా శాఖ ఏటా పోటీలకు ముందే తెలుగులో ప్రకటించాలి. ఆ జాబితా ప్రతి పాఠశాల నోటీసు బోర్డుకూ చేరాలి. తల్లిదండ్రులు డబ్బు కట్టాల్సింది అది చూశాకే.