తాళం వేసిన ట్యూన్ కొనాలా, బండిని చూసి రాయించుకోవాలా?



కార్ల ట్యూనింగ్ గురించి మన గ్రూపులో పోస్టా అని కొందరు నవ్వుకుంటారు. మనలో టర్బో కారు ఉన్నవాళ్లు ఎందరు? నిజమే. కానీ ఐటీఐలో మోటార్ మెకానిక్, డీజిల్ మెకానిక్ చేసి హైదరాబాద్, విశాఖ గ్యారేజీల్లో పనిచేస్తున్న తమ్ముళ్లు చాలామందే ఉన్నారు. పోలోలు, స్లావియాలు, వర్టస్‌లు వాళ్ల చేతుల్లోంచే పోతుంటాయి. అందుకే రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం ముందు ఒక్కమాట. ఇప్పటి ఇంజిన్‌లో పెట్రోల్ ఎంత చిమ్మాలి, స్పార్క్ ఎప్పుడు పడాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అన్నది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ తన పట్టికలు చూసి నిర్ణయిస్తుంది. ఆ అంకెలు మారిస్తే అదే ఇంజిన్ ఇంకా గట్టిగా లాగుతుంది. దీన్నే రీమ్యాప్ అంటారు. ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి, పెద్ద ట్యూనింగ్ కంపెనీలు 'స్టేజ్ 1' అని అమ్మే రెడీమేడ్ ఫైల్. దానికి తాళం ఉంటుంది. లోపల ఏ అంకె ఎంత మారిందో బండి ఓనర్‌కీ తెలీదు, దాన్ని ఎక్కించిన మెకానిక్‌కీ తెలీదు. రెండోది కస్టమ్. బండిని డైనో మీదో రోడ్డు మీదో నడిపి, లాగ్ తీసి, అంకెలు మార్చి, మళ్లీ నడిపి చూసి రాసేది.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఏ పార్టూ మార్చని బండికి మంచి కంపెనీ రెడీమేడ్ ఫైల్ చాలు. ఎన్నో బండ్ల మీద పరీక్షించి ఉంటారు. తాళం కూడా పూర్తిగా దురాశ కాదు. సగం తెలిసినవాడు కెలికి ఇంజిన్ పోగొడితే పేరు పోయేది వాళ్లదే కదా.

కానీ ఆ ఫైల్ ఎక్కడి పెట్రోల్‌ని చూసి రాశారు? యూరప్‌లో 98 ఆక్టేన్ మామూలుగా దొరుకుతుంది. ఇక్కడ ఎక్స్‌పీ100 లాంటివి కొన్ని ఊళ్లలో, అదీ కొన్ని బంకుల్లోనే. పైగా మన పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్. కిలో పెట్రోల్ మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. ఆక్సిజన్ సెన్సార్ ఆ తేడాను చాలావరకు సర్దుతుంది, కాదనను. అయినా మే నెలలో భద్రాచలం ఎండలో, లేదా నిండా మనుషుల్ని ఎక్కించుకుని పాడేరు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్‌కి మిగిలే వెసులుబాటు తక్కువ. అప్పుడే నాకింగ్ మొదలవుతుంది. అంటే మంట పాకి వచ్చేలోపే మిగతా మిశ్రమం దానంతటదే పేలడం. ఈసీయూ స్పార్క్‌ని వెనక్కి జరిపి కాపాడుకుంటుంది. డబ్బు పెట్టి కొన్న పవర్ అక్కడే పోతుంది.

ఇంకోటి గేర్‌బాక్స్. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా 1.5 టీఎస్ఐ ఇంజిన్ కంపెనీ నుంచే 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. దానికి తగిలించే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్జీ, అదే డీక్యూ200, దాని హద్దు కూడా 250. ఇక దాని మీద ట్యూన్ ఎక్కిస్తే ఏమవుతుందో మెకానిక్‌కి చెప్పక్కర్లేదు. బ్రోచర్‌లో హార్స్‌పవర్ అంకె మాత్రం పెద్దగా ఉంటుంది.

అలాగని కస్టమ్ అనగానే నమ్మేయొద్దు. నెట్‌లో దొరికిన ఫైల్ ఎక్కించి 'మీ బండికే రాశాం' అనేవాళ్లూ ఉన్నారు. ముందు లాగ్, తర్వాత లాగ్ చూపించమనండి. ఒక్కో సిలిండర్‌లో టైమింగ్ ఎంత వెనక్కి పోతోంది, లోపలికి వచ్చే గాలి వేడి ఎంత, లాంబ్డా ఎంత. చూపించలేనివాడు కస్టమ్ చేయలేదన్నట్టే.

తాళం ఉంటే అంతా పద్ధతిగా ఉన్నట్టు కూడా కాదు. 2015లో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ మోసం కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.1 కోటి బండ్లు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు బండ్లను రోడ్డు మీద నడిపి పొగ కొలిచారు, అక్కడే అనుమానం మొదలైంది. మన దగ్గర చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. అనుమతి లేకుండా బండిని మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అది పడేది ఓనర్ మీద, ఫైల్ అమ్మినవాడి మీద కాదు.

ఇప్పుడు నన్ను నిజంగా తొలిచే విషయం. గ్యారేజీలో గేర్‌బాక్స్ దించేది మనవాడు, క్లచ్ మార్చేది మనవాడు. లాప్‌టాప్ పెట్టేటప్పటికి ఇంకొకరు వస్తారు, గంటలో ఫీజు తీసుకుని పోతారు. రెడీమేడ్ ఫైల్ ఎక్కించడం నేర్చుకుంటే బటన్ నొక్కడమే వస్తుంది. లాగ్ చదవడం వస్తే ఆ కుర్చీ మనది. లాగ్‌లో అంకెలు చూడ్డానికి ఏ తాళమూ అడ్డు కాదు, ఓబీడీ రీడర్, ఫోన్ చాలు.

ఇక అంకెలు మార్చడం. కస్టమర్ కారు మీద నేర్చుకునే పని కాదది. స్పీడ్యూనో అని ఆర్డుయినో బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ ఈసీయూ ఒకటి ఉంది. ప్రతి పట్టికా కళ్ల ముందే ఉంటుంది. తలా కొంచెం వేసుకుంటే బోర్డు కొనొచ్చు. పాత ఎంపీఎఫ్ఐ మారుతి ఇంజిన్ ఒకటి స్టాండ్ మీద బిగిస్తే సెలవుల్లో పది మంది కూర్చోవచ్చు. ఉట్నూరు, భద్రాచలం, పాడేరు వైపు ఏ షెడ్డులో అలాంటి ఇంజిన్ పడి ఉందో తెలిసినవాళ్లు చెప్పండి, దాన్ని మోసుకురావడం మా పని.