షీర్ ఖుర్మా గిన్నె మోసే పాత్రలు ఇక చాలు

తెలుగు బాలసాహిత్యంలో ముస్లిం పిల్లవాడికి ఏడాదికి ఒక్కరోజే ఆయుష్షు. రంజాన్ పండుగనాడు కథలోకి వస్తాడు. షీర్ ఖుర్మా గిన్నె పట్టుకొని పక్కింటి తలుపు తడతాడు. మతసామరస్యం గురించి పెద్దలు నాలుగు మంచిమాటలు పలకగానే నిష్క్రమిస్తాడు. తక్కిన రోజుల్లో వాడు ఏం తింటాడో, బడిలో ఎవరితో పోట్లాడతాడో, లెక్కల పరీక్ష ఎందుకు తప్పుతాడో ఆ కథకులకు అక్కర లేదు.

ఇబ్రహీంపట్నంలో మా ఇళ్లలోని పిల్లల కోసం ఇటీవల తెచ్చుకొని, వారితో కలిసి చదివిన బాలల కథలపైన, కిశోరుల నవలికలపైన మా నిష్కపటమైన అభిప్రాయం ఇది. ఆ పుస్తకాల్లో ద్వేషం లేదు. ఆ మాట ముందే చెబుతున్నాము. ఉన్నది మర్యాదగా కనిపించే అన్యాయం. ముస్లిం బాలుడు తాను మంచివాడినని రుజువు చేసుకోవడానికే అక్కడ పుడతాడు. ప్రాణాలకు తెగించి స్నేహితుణ్ణి కాపాడాలి, లేదా దేశభక్తిపై ఉపన్యసించాలి. రాము గాలిపటం తెగితే చాలు, అది కథ అవుతుంది. రహీముకు గాలిపటం చాలదు, యోగ్యతాపత్రం కావాలి. పదేళ్ల పసివాణ్ణి యోగ్యతాపత్రం అడిగే రచనను సామరస్య సాహిత్యమని మెచ్చుకోవడానికి మేము సిద్ధంగా లేము.

ఆడపిల్లల పరిస్థితి ఇంకా దయనీయం. కథలో సల్మా కనిపించిందంటే ఆమె చదువు మాన్పించే తండ్రి, ఆమెను ఉద్ధరించే పంతులమ్మ వెంటనే హాజరవుతారు. అటువంటి తండ్రులు లేరని మేము వాదించము. అయితే కూతురిని తెల్లవారకముందే నగరానికి వెళ్లే బస్సెక్కించి, కాలేజీ ఫీజు కోసం అప్పు చేసే తండ్రులను కూడా మేము ఇక్కడ చూస్తున్నాము. వారికి ఒక్క పేజీ అయినా ఎందుకు దొరకదు?

తెలుగు మనకు పరాయి భాష అయినందువల్ల ఇలా జరుగుతున్నదని ఎవరైనా అంటే, మా ఊరి పేరే వారికి జవాబు. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా పేరుపొందిన పొన్నెగంటి తెలగనార్యుని యయాతి చరిత్ర అమీన్ ఖాన్‌కు అంకితమైంది. నాలుగు శతాబ్దాల కిందట తెలుగు కావ్యానికి కృతిపతులైనవారి వారసులు నేటి పిల్లల పుస్తకంలో అతిథులుగా మిగలడం ఎవరికి గౌరవం?

మంచి రచనలు లేకపోలేదు. మహమ్మద్ ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు 1999లో పుస్తకంగా వచ్చాయి. కావలి పట్టణంలోని పేద ముస్లిం ఇల్లు, ఆ ఇంటి నవ్వులు, తిట్లు, ఆకలి అన్నీ నెల్లూరు యాసలో ఉన్నాయి. ఆ యాస మా రంగారెడ్డి పిల్లలకు మొదట కొరుకుడు పడలేదు. కథ చెప్పేది అబ్బాయే కనుక మా ఆడపిల్లలకు వెలితి తోచింది. అయినా పుస్తకం వదలలేదు. అందులోని పిల్లవాడు అల్లరి చేస్తాడు, దెబ్బలు తింటాడు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వడు. అణగారిన వర్గాల బాల్యాలపై హైదరాబాదులోని అన్వేషి సంస్థ రూపొందించగా 2008లో వెలువడిన పుస్తకాల వరుసలో ఆయనదే తలకాయ కూర కథ ఉంది. మన వంటింటిని సిగ్గుపడకుండా చూపిన కథ అది. టిఫిన్ డబ్బా మూత సగమే తెరిచి తినే పిల్లలున్న ఈ రోజుల్లో దాని విలువ మాటల్లో చెప్పలేము. వేంపల్లె షరీఫ్ జుమ్మా కథాసంపుటికి 2012లో కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం లభించింది. కానీ దర్గామిట్ట కతలూ జుమ్మా పెద్దల అరలో ఉన్నాయి. పిల్లల అర ఖాళీగానే ఉంది.

అమెరికాలో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త 1965లో ఒక వ్యాసం ప్రచురించారు. పుస్తకాల్లోని పిల్లలు ఎప్పుడూ తెల్లవాళ్లే ఎందుకని ఒక ఐదేళ్ల నల్లజాతి బాలిక వేసిన ప్రశ్నతో అది మొదలవుతుంది. 1962 నుంచి 1964 వరకు వచ్చిన 5,206 బాలల పుస్తకాలను పరిశీలిస్తే, నల్లజాతి పాత్ర ఒక్కటైనా ఉన్నవి 349 మాత్రమేనని, అంటే 6.7 శాతమేనని ఆమె లెక్క తేల్చారు. ఆవేదనను అంకెల్లో పెట్టాక దాన్ని తోసిపుచ్చడం కష్టమైంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ముస్లింలు సుమారు 12.7 శాతం. మన బడి గ్రంథాలయాల్లోని కథల పుస్తకాల్లో మన పిల్లలెందరో ఎవరు లెక్కించారు?

వేలెత్తి చూపవలసింది బయటివారినే కాదు. మన సంస్థలు అచ్చువేసే పిల్లల పుస్తకాల్లోనూ ప్రతి కథ ఉపదేశంతోనే ముగుస్తుంది. మాట వినని బాలుడికి శిక్ష, విన్న బాలికకు బహుమతి. దీన్ నేర్పడానికి మదర్సా ఉంది, ఉస్తాదులున్నారు, తల్లిదండ్రులున్నారు. కథను కథగా ఉండనివ్వండి. బయటివారి కథలో యోగ్యతాపత్రం, మనవారి కథలో నీతిపత్రం అయితే, పిల్లవాడు పిల్లవాడిగా బతికే చోటేది?

మా కోరికలు స్పష్టమైనవి. 2016 నుంచి నడుస్తున్న మైనారిటీ గురుకులాల గ్రంథాలయాలకు ఇటువంటి పుస్తకాలను ప్రభుత్వం కొనాలి. బాలల పత్రికల సంపాదకులు రంజాన్ సంచిక కోసమే కాక మామూలు సంచికలకూ మన రచయితలను కథలడగాలి. అమ్మీ, అబ్బా, ఖాలా, నానీమా అనే పిలుపులను దిద్దకుండా అచ్చువేయాలి. మన రచయితలు, ముఖ్యంగా రచయిత్రులు, పిల్లల కోసం రాయడాన్ని చిన్నపనిగా తలచరాదు.

పాఠకులారా! ఈ నెలలోనే మీ ఊరి బడి గ్రంథాలయానికి వెళ్లండి. కథల పుస్తకాలెన్నో, వాటిలో ముస్లిం బాలబాలికలెందరో, వారిలో పండుగ గిన్నె పట్టుకోనివారెందరో రాసుకోండి. ఆ కాగితాన్ని ప్రధానోపాధ్యాయులకు, జిల్లా విద్యాధికారికి, పత్రికలకు పంపండి. హక్కుల పోరాటం రిజర్వేషన్‌తో, రేషన్ కార్డుతో ముగియదు. కథలో అల్లరి చేసే హక్కు కూడా మన పిల్లలదే.